మదరాసమ్మ పాయసం, ధర్మవరం మగ్గాలు

మొన్న మీరు ఫోన్లో పంపించిన వీడియో చూసినా నాయనా. ఎవరో పేరుమోసిన వంటాయనంట గదా, తెల్లకోటు, నెత్తిన టోపీ. మనిషి బాగుండాడు. పెనంలో మంట లేపె, ఏందో చల్లె, కండ్లు మూసుకొని తలాడించె. అంతా బాగుండాది గానీ, వెనక డమడమా అని పాట పెట్టినారు చూడు, ఆ సద్దులో పెనం ఏమంటాందో నాకు ఒక్క ముక్క ఇనపడలేదు. పెనం మాట ఇనపడకపోతే వంట చూసి ఏం లాభం?

నేనిట్ల అంటే మీరు నవ్వుతారు. అవ్వకు చెవుడొచ్చింది అనుకుంటారు. చెవుడు కాదు తల్లీ. నాకు చెవులు తెరిపించింది ఒకాయమ్మ. మీరు యాడో దూరాన ఉండారు, నాకా మధ్యాన్నాలు పొద్దు పోదు. ఆయమ్మ కత చెప్తా, ఇనండి.

వంట చేసేవాళ్ళకు పేరు రావడం మీ కాలంలోనే మొదలైందనుకోవద్దండి. మేం వయసులో ఉన్నప్పుడూ ఉండె. మద్రాసు నుంచి వారపత్రిక వచ్చేది. దాంట్లో ఒకాయమ్మ వంటల గురించి రాసేది. రేడియోలో కూడా మాట్లాడేది. మా పక్క ఆడోళ్ళకు ఆయమ్మంటే పిచ్చి. చదువు రానోళ్ళు కూడా వచ్చినోళ్ళతో చదివించుకొని ఇనేవాళ్ళు. ఎందుకంటే అందరూ "దోరగా వేయించండి" అని రాస్తే, ఈయమ్మ అట్ల రాసేది కాదు. "రవ్వ మొదట ఇసుక జారినట్టు సవ్వడి చేస్తుంది. కాసేపటికి ఎండుటాకు మీద నడిచినట్టు చేస్తుంది. అప్పుడు దించండి" అని రాసేది. అది చదివితే వంట నేర్చుకున్నట్లుండదు, వాన పడేది చూస్తా గడప మీద కూచున్నట్లుంటుంది. ఎందుకట్ల రాస్తాందో మాకెవరికీ తెలీదు. అదొక చమత్కారం అనుకున్యాం.

నేనప్పుడు పెనుకొండ బ్లాకులో గ్రామసేవికను. అరవైల్లో మాట. బియ్యం దొరక్క జనం అల్లాడుతాండిన కాలం. సోమవారం రాత్రి అన్నం మానుకోండని పెద్దపెద్దోళ్ళే చెప్తాండిరి. ఓడల్లో గోదుమలు వస్తాండె, పాలపొడి వస్తాండె. వాటితో ఏమేమి వండుకోవచ్చో ఆడోళ్ళకు నేర్పేది నా పని. నాకేమో సంగటి కెలికేది తప్ప ఇంగొకటి రాదు. నేను ఉప్మా చేస్తే పలక మీద రాయొచ్చు, అంత గట్టిగా ఉండేది. ఊర్లలో ఆడోళ్ళు, "ఏమ్మా సేవికమ్మా, సంగటి ముద్ద మింగినోళ్ళకు ఈ గోదుమలు యాడికొస్తాయి? పండ్ల సందులోకి చాలవు" అని ఎగతాళి చేసేవాళ్ళు. నిజమే గదా అని నేనూ నవ్వేదాన్ని. నవ్వే సేవికను ఉద్యోగంలో ఎన్నాళ్ళు ఉంచుతారు? అందుకని మా పైవాళ్ళు ఆలోచించి, ఆ మద్రాసామెనే పిలిపించినారు. హిందూపురం, పెనుకొండ, ధర్మవరం, ఈ మూడూర్లలో వంట చేసి చూపించేకి. ఆయమ్మ ఎంట ఉండి కావల్సినవి చూసేది నేను.

మేమంతా ఆయమ్మను మదరాసమ్మ అంటిమి. ఎదురుగా మాత్రం "అమ్మగారూ" అనే.

హిందూపురం స్టేషన్లో పొద్దున్నే దిగింది. బక్క మనిషి, నేత చీర, నెరిసిన జుట్టు, నుదురు మీద బొట్టు లేదు. ఎంట పత్రికాయన ఒకడు, మెళ్ళో కెమెరా. ఈ మూడూర్ల సంగతీ పత్రికలో ఏసేకి వచ్చినాడు. నేను చేతిలో కనకాంబరాల దండ పెట్టుకొని పోయింటి. బొట్టు లేని ఆమెకు పూలిస్తే ఏమంటుందో అని చివర్లో వెనకాడితి గానీ, ఆయమ్మే చెయ్యి చాపి తీసుకునె. ముక్కు కాడ పెట్టుకొని, కండ్లు మూసుకొని, "అబ్బ! ఏం పరిమళం!" అనె.

మీరు చూసినారో లేదో, కనకాంబరానికి రంగే గానీ వాసన ఉండదు.

మా జీపు నడిపే సాయిబన్న నా పక్కకు వంగి, "ఏమ్మా, మనూరి కనకాంబరాలకు వాసనొస్తాదా? ఇన్నేండ్లొచ్చినాయి, నాకు తెలీకపాయెనే" అన్యాడు. పెద్దింటోళ్ళు మర్యాదకు అట్ల అంటారులే అని నేను సర్ది చెప్తి.

హిందూపురంలో వంట బ్రహ్మాండంగా జరిగె. బెల్లం మండీ వెనక పెద్ద వసారాలో పందిరేసి, ఒక పక్క పరదా కట్టినాము. గోదుమ రవ్వ, పాలపొడి, హిందూపురం బెల్లం, చెనక్కాయల పొడి, వీటితో పాయసం. పొయ్యి కాడ ఆయమ్మను చూడాల మీరు. తల ఒక పక్కకు వంచి, కుండకు చెవి ఇచ్చి, ఎవరో చిన్నగొంతుతో చెప్పుకుంటాండే కష్టం ఇంటాండినట్లు కూచునేది. పాయసం దించినాక నన్ను పరదా వెనక్కి పిలిచి, నా అరచేతిలో కొంచెం పోసె.

"తిని చెప్పమ్మాయ్. బెల్లం చాలిందా? ఏలక్కాయ తెలుస్తోందా?"

"మీరు చూడలేదా అమ్మగారూ?"

"నువ్వు చెప్పు."

బాగుండాదని చెప్తి. ఆయమ్మ ఊపిరి వదిలిన తీరు చూస్తే, పరీక్ష రాసిన పిల్ల పాసైనట్లుండె. అప్పుడు నాకు కనకాంబరాలు గుర్తుకొచ్చె. అన్నీ ఒకదానెనక ఒకటి సర్దుకునె. నా మొగం చూసి ఆయమ్మకూ అర్థమాయ.

"అవును" అనింది నెమ్మదిగా. "ముందు ఆయన పోయారు. తర్వాత నాకు విషజ్వరం వచ్చింది. జ్వరం పోతూ పోతూ వాసన తీసుకుపోయింది. నాలుక కూడా సగమే పనిచేస్తుంది. తీపో ఉప్పో తెలుస్తుంది, అంతే. అప్పటికే పత్రికలో రాస్తున్నాను. ఆ రాతే నాకూ మా అమ్మకూ అన్నం పెడుతోంది. మానలేక చెవితో వండటం నేర్చుకున్నాను."

"మరి పత్రికోళ్ళకు..."

"తెలిస్తే నా పని అయిపోయినట్టే. వాసన తెలియని మనిషి చెప్పే వంట ఎవరు వండుకుంటారు? ఈ మూడు ఊళ్ళూ గట్టెక్కించమ్మాయ్. నాకు నాలుక నువ్వే."

నేను ఉప్మా చేస్తే పలకలాగుంటాది, నా నాలిక మీద ఒకామె బతుకు నిలబడుకొని ఉండాది.

పత్రికాయన లేపాక్షి చూసుకొని ధర్మవరంలో కలుస్తానని పాయ. మేం పెనుకొండకు జీపులో పోతిమి. మండీ దాటేటప్పుడు ఆయమ్మ అడిగె, "ఇప్పుడేం వాసన వస్తోంది? చెప్పు."

నేను చెప్తి. "బెల్లం అమ్మగారూ. కొత్త బెల్లం కాదు, గోనెసంచిలో చెమట పట్టిన బెల్లం. దాని కింద చింతపండు పులుపు." ఇంగ కొంచెం దూరం పోతే, "చెరకు పిప్పి కాలుస్తాండారు." ఇంగా పోతే, "చెనక్కాయలు పెరికి కుప్పేసినారు. పచ్చి మట్టి వాసన, దాంట్లో పాల వాసన మాదిరి ఒకటి." ఆయమ్మ కండ్లు మూసుకొని ఇంటాండె. నేను పుట్టి పెరిగిన దావే అది. ఆ పొద్దు దాకా దానికి ఇన్ని వాసనలుండాయని నాకే తెలీదు. చెప్తా చెప్తా నాకూ కండ్లు మూతలు పడె. జీపు పోతాందో, ఏదో కలలో మేము తేలిపోతాండామో తెలీలేదు.

అన్నిటికన్నా చిత్రం ఏమంటే, మా సాయిబన్న వెనక్కి తిరిగి ఒక్క మాట అడగలేదు. ఇన్నాడో లేదో కూడా తెలీనీలేదు. కానీ చెనక్కాయల కుప్ప కనపడితే జీపు నిదానమయ్యేది. ఎవరింట్లోనో తిరగమాత ఘాటు దావ మీదికొస్తే నిదానమయ్యేది. ఒకచోట తుంపర పడి మట్టి తడిస్తే ఏకంగా ఆపేసి, "ఇంజను వేడెక్కిందమ్మా" అన్యాడు. ఇంజను ఏం వేడెక్కలేదు.

పెనుకొండలో కొండ మీద మబ్బు కూచోనుండె. ఆడ కూడా బాగానే జరిగె. ఆడోళ్ళు పాయసం తాగి, "ఇది సంగటికి సాటి రాదు గానీ, సంగటి తిన్నాక కడుపులో ఇంత సందుంటే పొయ్యొచ్చు" అని తీర్పు చెప్పినారు. మా వాళ్ళు ఒకదాన్ని అంత మెచ్చుకోవడం నేనెప్పుడూ ఇనలేదు. పరదా వెనక నా నాలిక నా పని చేసె. ఇంగ ధర్మవరం ఒక్కటే.

ధర్మవరం పొలిమేర కాడ సాయిబన్న జీపు ఆపి, "అదో, ఇనండమ్మా" అన్యాడు. దూరం నుంచే ఇనపడె. టకటక టకటక. వాన రేకుల మీద పడినట్లు. "ఇంటింటికీ మగ్గమే. పొద్దు పొడిచినకాడి నుంచి ఇదే సద్దు. ఒక వీధిలో మగ్గాలన్నీ ఒకేసారి నిలబడినాయంటే, ఆ వీధిలో ఎవరో పోయినారని లెక్క. ఇంగ దేనికీ నిలబడవు."

నేను మదరాసమ్మ మొగం చూస్తి. ఆయమ్మ మొగంలో రక్తం లేదు. అప్పుడు తెలిసె నాకు. కుండ సద్దు ఈ సద్దులో ఎట్ల ఇనపడతాది?

సరే, చెవి పోతే నా నాలిక ఉండాది గదా అనుకున్యా. వంట ఏర్పాటు చేసింది చౌడమ్మ గుడి ముందర. పొయ్యి రాజేసినాక, ఆ వీధికి పెద్ద, ఒక ముసిలవ్వ, కట్టె పొడుచుకుంటా వచ్చి నా పక్కన నిలబడె.

"పాపా, ఒక మాట. మా వీధిలో కొత్త వంట ఏది పొయ్యెక్కినా ముందర చౌడమ్మకే. తల్లికి పెట్టేదాకా ఎవరి నాలికా తగలకూడదు. ఎంగిలైందంటే ఈడ ఒక్కరు ముట్టరు. మీ మద్రాసామెకు చెప్పు."

ఆ పరదా కూడా పీకేయించె. "తల్లి ముందర చాటు ఎందుకే" అని.

ఇంగేం చేస్తాం? ఆడోళ్ళు ఒళ్ళో పిల్లోళ్ళతో, చేతుల్లో దారం కండెలతో, గుడి చుట్టూ కిక్కిరిసి కూచున్యారు. పత్రికాయన కెమెరా సర్దుకుంటాండాడు. చుట్టూ మగ్గాలు టకటకా టకటకా. మదరాసమ్మ నన్ను ఒకసారి చూసి, పొయ్యి ముందర కూచునె.

రవ్వ ఏగె. రంగు చూసి దించె, పరవాలేదు. పాలు పోసె. తల వంచి చెవి ఇచ్చె. ఇంగా కొంచెం వంగె. మగ్గాల సద్దు తప్ప ఏమీ లేదని నాకు తెలుస్తానే ఉంది. ఆయమ్మ నవ్వుతా గోదుమల గురించి చెప్తాండాది, గరిటె తిప్పుతాండాది. కట్టెల మంట ఒక పక్కకే ఎక్కువైంది.

అప్పుడు సన్నగా మాడు వాసన లేసె.

ముందర నాకు తగిలె. తర్వాత మొదటి వరసకు. ఒకరి తర్వాత ఒకరు కొంగులు ముక్కు కాడికి తెచ్చుకుంటాండారు. అంతమందిలో తెలీంది ఒక్కాయమ్మకే. ఇంగా నవ్వుతానే ఉంది పాపం, "పిల్లలకు బలం" అని చెప్తానే ఉంది. నేను లేవబోయి ఆగితి. ఏమని అరిచేది? పత్రికాయన పక్కనే ఉండాడు.

వెనక వరసలో నుంచి ఒకామె గట్టిగా, "ఏమమ్మా మదరాసమ్మా, మాడిన వాసన మా ఇంటి దాకా పోతాంది, నీ ముక్కు మద్రాసులో మర్సిపోయి వచ్చినావా ఏంది?" అనె. అందరూ గొల్లుమన్యారు.

మదరాసమ్మ గరిటె ఆపింది. కుండ దించి పక్కన పెట్టింది. పత్రికాయన దిక్కు ఒకసారి చూసింది. ఏమన్నా చెప్పి తప్పించుకోవచ్చు. కట్టెలు తడివి అనొచ్చు, పాలపొడి మంచిది కాదు అనొచ్చు. సేవికమ్మ మంట ఎక్కువ పెట్టింది అన్యా నేను ఊ కొట్టేదాన్నే.

లేచి నిలబడి, "అవునమ్మా. ముక్కు పోయి చాలా ఏళ్ళయింది" అనింది. "నాకు వాసన తెలియదు. కుండ చప్పుడు విని వండుతాను. మీ ఊళ్ళో మగ్గాల చప్పుడులో నాకు కుండ వినపడలేదు. మీ అమ్మవారికి మాడిన పాయసం వండాను. క్షమించండి."

పత్రికాయన చేతిలో కెమెరా అట్లే ఉండిపాయ. ఆ మాటన్నామె తల దించుకునె.

ముసిలవ్వ కట్టె పట్టుకొని కుండ కాడికొచ్చి చూసె. తర్వాత మదరాసమ్మను చూసె, పైనుంచి కింద దాకా, చీర నేత చూసినట్లు.

"దానికేం తల్లీ. మా మొగోళ్ళకూ అంతే. మగ్గం సద్దుకు చెవులు మొద్దుబారిపోయింటాయి. పోగు తెగితే కాలికి తెలుస్తాది వాళ్ళకు. ఒకటి పోతే ఇంగొకటి ఇస్తాది ఆ తల్లి. రవ్వ ఇంగా ఉండాదా?"

"ఉంది."

"పాలు?"

"ఉన్నాయి."

ముసిలవ్వ ఆడోళ్ళ దిక్కు తిరిగి, "లెయ్యండే. పోయి మగ్గాలు నిలపమని చెప్పండి" అనె.

ఒకామె లేచి, "అత్తా, శుభమా అని తల్లికి నైవేద్యం పెడతా మగ్గాలు నిలిపేదేంది? ఎవరన్నా పోయినప్పుడు గదా నిలిపేది? అరిష్టం గాదా?" అనె.

"పీనుగ లేసినప్పుడు నిలిపే మగ్గం, పాయసం ఉడికేటప్పుడు నిలిపితే తప్పేందే? చౌడమ్మ ఏమన్నా అంటే నా మీద చెప్పు. నాకెట్లా ఆ తల్లి కాడికి పొయ్యే వయసే."

ఒకామె లేసి పాయ. ఇంగొకామె పాయ. మేం అట్లే కూచోనుంటిమి. మొదట గుడి పక్కింట్లో సద్దు నిలిచె. తర్వాత ఎదురింట్లో. తర్వాత మూల మలుపు కాడ. ఒకటొకటే, దీపాలు ఆర్పుకుంటా పోయినట్లు, వీధి చివర దాకా. ఆఖరుది ఎక్కడో రెండు మూడు సార్లు టకటక అని ఆగిపాయ.

అట్లాంటి నిశ్శబ్దం నేను మళ్ళీ ఇనలేదు నాయనా. గుడి గంట కింద గాలి తిరిగేది కూడా ఇనపడతాండె.

మగోళ్ళు వాకిళ్ళలోకి వచ్చి, "ఎవరు పోయినారప్పా? ఎవరు?" అని అడుగుతాండారు.

మా సాయిబన్న జీపు కాడి నుంచి, "ఎవరూ పోలేదప్పా, పాయసం ఉడుకుతాంది, ఊరకుండండి" అన్యాడు.

ఆడోళ్ళు కొంగులు నోట్లో కుక్కుకొని నవ్విరి. మదరాసమ్మ కూడా నవ్వె. కొత్త కుండ పెట్టె.

అప్పుడు ఇన్యాము మేమందరమూ. నెయ్యిలో రవ్వ ఇసుక మాదిరి జారేది. ఎండుటాకు మాదిరి అయ్యేది. పాలు మొదట ఏమీ మాట్లాడవు. తర్వాత గుసగుసలాడతాయి. తర్వాత అందరూ ఒకేసారి మాట్లాడినట్లు పొంగుతాయి. దించినాక ఆ మాటలన్నీ సన్నగిల్లి, సన్నగిల్లి, నిద్రపోయే పిల్లోని ఊపిరి మాదిరి అవుతాయి. అందాకా ఆగి ఆయమ్మ బెల్లం ఏసె. వేడి మీద ఏసింటే పాలు విరిగిపోతాయి గదా. జీవితమంతా పొయ్యి ముందర కూచున్న ఆడోళ్ళు వాళ్ళు, కుండకు ఇన్ని మాటలుండాయని ఎవరూ అనుకోలేదు. ఎగతాళి చేసినామె ముందరికొచ్చి, తల ఒక పక్కకు వంచి, మదరాసమ్మ మాదిరే ఇంటాండె.

చౌడమ్మకు పెట్టినారు. తర్వాత వీధి వీధంతా తాగినారు. మగోళ్ళు వాకిళ్ళ కాడే లోటాల్లో తాగి, మూతులు తుడుచుకొని, మగ్గాల కాడికి పోయినారు. టకటక మళ్ళీ మొదలాయ.

నా దిగులంతా పత్రికాయన మీద. ఆయన రెండోసారి లోటా నింపుకొని వచ్చి ఆయమ్మ పక్కన కూచున్యాడు. "ఇది నేను రాయాలా, మీరే రాస్తారా?" అని అడిగినాడు.

"నేనే రాస్తాను" అనిందాయమ్మ.

రాసింది. దాచకుండా రాసింది. పెనుకొండ బస్టాండు కాడ నిలబడుకొనే చదివితి. కొందరు నవ్వినారంట. ముక్కు లేనామె చెప్పే వంటలేందని అన్యారంట. కానీ ఆ వంటల పేజీ ఆగలేదు. మాకూ వాసన తెలీదమ్మా అని యాడ్యాడి నుంచో ఆడోళ్ళు పత్రికకు రాసినారంట. అట్లాంటోళ్ళు లోకంలో అంతమంది ఉండారని ఎవరికి తెలుసు?

నాలుగైదేండ్లు గడిచె. నాకు ధర్మవరానికి బదిలీ అయ్యింది. ఒక పొద్దున రేడియోలో చెప్పిరి, ఆయమ్మ పోయిందని. నా కాళ్ళు నేరుగా ఆ వీధికే నడిచె. ముసిలవ్వ ఇంగా ఉండె, కండ్లు సరిగా కనపడక వసారాలో కూచోని కండె చుడతాండె. చుట్టూ మగ్గాలు టకటకా టకటకా. చెవి కాడ నోరు పెట్టి చెప్తి.

ముసిలవ్వ చేతిలో కండె ఆగె.

నాకు ఎందుకో మనసులో ఒక ఆశ. అడగలేక అడగలేక, "అవ్వా, ఒక్క నిముసం మగ్గాలు..." అంటి.

"వద్దు పాపా" అనె. కండె మళ్ళీ తిప్పుతా అనె. "పోయినాక నిలిపేది అందరికీ నిలుపుతాము. బతికుండంగ నిలిపింది ఆయమ్మకొక్కదానికే."